నల్లబడిన తీగలు

మా మామ తోవర్పిన్ పొద్దున లేచి మొహం కడుక్కోకముందే గిటారు తుడిచేవాడు. ఎర్ర గిటారు. రంగు పొరలో సన్నటి బీటలు. మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడు కొబ్బరితోట దొర ఒకడు సామాను సర్దుకుని పోతూ దాన్ని అమ్మేశాడు. అప్పటికే అది పాతది. ఆ తోటలో కొబ్బరి ఎండబెట్టి సంపాదించిన కూలి అంతా మామ దానికే పోశాడు. ఆ తర్వాత రబౌల్ చుట్టుపక్కల పెళ్లయినా, చర్చి పండగైనా, చావుకి గవ్వల డబ్బు పంచినా మామ బ్యాండు మోగాల్సిందే.

నాకు ఊహ తెలిసేసరికి బ్యాండు చెదిరిపోయింది. డ్రమ్ములవాడు గనుల్లోకి పోయాడు, పాడేవాడు పాస్టరయ్యాడు. మామ తవుర్వుర్ నిప్పుకొండ కింద గుడ్లు తవ్వి బజారులో అమ్ముకునేవాడు. ఆ వెచ్చటి మట్టిలో అడవికోళ్లు గుడ్లు పాతిపెట్టి పోతాయి. మనిషి నిలువునా గొయ్యిలోకి దిగి, చేత్తో తడిమి తీయాలి. ఈ ఊళ్లో బడి మధ్యలో మానేసిన నాలాంటి వాడికి కూడా మిగిలిన పని అదే.

మా వాడ కొండకు అవతల, సముద్రం అంచున ఉంటుంది. రబౌల్ పట్నానికి కాలిబాట కొండ పాదం మీదుగానే పోతుంది. లేదంటే పడవ. అమ్మమ్మ ఇయాతింగేకి కాళ్లు పడిపోయాయి. చిన్నతనంలో ఆమె ఈ కొండ పేలడం చూసింది. బూడిదలో సొంత తల్లిని పోగొట్టుకుంది. ఆమె ఒక్కటే అడిగేది: "ఒరే, నన్ను మాత్రం దాని కింద వదిలేయకండిరా." మాకు దోనె ఉంది గానీ ఇంజను లేదు. ముసలిదాన్ని పడుకోబెట్టి ఆ అలల్లో తెడ్డుతో పోలేం.

అవతలి దీవుల అపెలిస్‌కి రెండు ఇంజన్లు, ఒక బ్యాండు. గిటారు మీద ఎప్పటినుంచో కన్ను.

"చిన్న ఇంజను ఇచ్చేస్తా బావా, గిటారు ఇచ్చెయ్. నీ దగ్గర అదేం చేస్తుంది? గుడ్లు పొదుగుతుందా?" అని నవ్వాడు. నవ్వుతూనే, వక్క సున్నం అంటిన వేళ్లతో తీగలు ఒకసారి మీటాడు.

"స్వాతంత్ర్య దినానికి వాయించాలి. అది కానీ, చెబుతా" అన్నాడు మామ. ఇవ్వడానికే మనసు పడ్డాడని నాకు అర్థమైంది. ఆ సాయంత్రం అమ్మమ్మ పక్కన కూర్చుని, దోనెకు ఇంజను ఎక్కడ బిగించాలో నేల మీద గీసి చూపించాడు.

ఆ వారంలోనే తీగలు నల్లబడ్డాయి. తుప్పు కాదు, మసి పట్టినట్టు నలుపు. మామ నిమ్మకాయతో రుద్దాడు. మర్నాటికి మళ్లీ నలుపే. తీగల కింది లోహపు మూత, తీగలు బిగించే మరలు, అన్నీ.

"వాడే. సున్నం చేత్తో ముట్టుకున్నాడు చూశావా? విసుగెత్తి నేనే వదిలించుకోవాలని ఏదో మందు పెట్టాడు" అన్నాడు మామ.

"పాత ఇనుము మామా. సముద్రపు గాలి."

"ఇరవై ఏళ్లు లేని గాలి ఇప్పుడొచ్చిందా అల్లుడూ? నీ చిరుగు పుస్తకాల్లో రాశారా?"

రాయలేదు. నాకు మంత్రాల మీద నమ్మకం లేదు. ఆ రోజుల్లోనే గోతుల్లో మట్టి చేతులు కాల్చేది. తీసిన గుడ్లలో కొన్ని లోపల ఉడికి గట్టిపడి ఉండేవి. మేం వాటిని అక్కడే తినేసేవాళ్లం. ఎప్పుడో పట్నం వాళ్లు కొండ పేలుతుందని, ఖాళీ చేయమని ఊళ్లన్నీ తిరిగి చెప్పారు, ఏమీ జరగలేదు. అప్పటినుంచి కొండ మాట ఎత్తితే అందరికీ నవ్వులాట.

పండగనాడు మామ నల్లటి తీగల మీదే వాయించాడు. పాటలయ్యాక సాయంత్రం అపెలిస్ తన పడవలో వచ్చాడు, ఇంజను గోనెలో చుట్టి తెచ్చాడు. మామ గిటారును పెట్టెలోంచి బయటికి తీయలేదు.

"ఇవ్వను. మందు పెట్టి లాక్కునేవాడికి అసలు ఇవ్వను."

"ఏం మందు బావా? వక్క ఎక్కువైందా?" అపెలిస్ మొహం మాడింది. పొద్దున్నే పోతానని, మనసు మారితే రమ్మని చెప్పి రేవులో పడుకున్నాడు.

తెల్లారి మా అమ్మ అమ్మమ్మకు నీళ్లు పోస్తోంది. అమ్మమ్మ మెడలో తాడుకి ఒక పాత వెండి షిల్లింగు ఉంటుంది, నడుమ చిల్లున్నది. చిన్నప్పుడు వాళ్లమ్మ కట్టిందట, ఎన్నడూ తీయలేదు. అది బొగ్గులా ఉంది.

మామ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. బొటనవేలితో రుద్దాడు.

"అపెలిస్ దీన్ని ముట్టుకోలేదు" అన్నాడు.

కొండ మీంచి వచ్చే గాలిలో కుళ్లిన గుడ్ల వాసన. అది మాకెంత అలవాటైందంటే, ఆ పొద్దున మొదటిసారి పీల్చినట్టనిపించింది.

మామ గిటారు పెట్టె పట్టుకుని రేవుకు పరిగెత్తాడు. వెనకే నేను. అపెలిస్ పడవను నీళ్లలోకి తోస్తున్నాడు.

"తీసుకో. ఇంజను ఇవ్వు."

అపెలిస్ పెట్టె తెరిచాడు. తీగలు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరు చేశారిది?"

"కొండ చేసింది. ఊపిరి వదులుతోంది. అమ్మ మెళ్లో షిల్లింగు కూడా—"

"కొండకి గిటారుతో ఏం పని బావా? ఎవడో మీ ఇంటి మీద మందు పెట్టాడు. రాత్రి నింద నా మీదే వేశావు, ఇప్పుడు నాకే అంటగడతావా?"

"పోనీ గిటారు వద్దు. అమ్మను ఎక్కించుకో. పట్నం రేవులో దింపు చాలు."

మామ పడవ అంచు పట్టుకోబోయాడు. అపెలిస్ తెడ్డు ఎత్తాడు.

"ఆ చెయ్యి నా పడవ మీద పెట్టకు. పిల్లలున్నవాణ్ణి."

ఇంజను చప్పుడు దూరమయ్యేదాకా మామ మోకాలి లోతు నీళ్లలోనే నిలబడ్డాడు. నిన్నటిదాకా తను నమ్మిందే వాడూ నమ్మాడు.

ఇంటికొచ్చి కుర్చీ కాళ్లు కోశాడు. రెండు వెదురు బొంగులకు కుర్చీని కట్టాడు. తాడు చాలకపోతే గిటారు పట్టీ విప్పి అమ్మమ్మ నడుముకు చుట్టాడు, వైరుతో ముడులు బిగించాడు. గిటారును గోడ మేకుకు తగిలించాడు. అమ్మ మూట కట్టుకుంది.

"గిటారో?" అంది అమ్మమ్మ.

"బరువమ్మా."

నేను ముందు, మామ వెనక. బొంగులు భుజాన ఎత్తుకునేసరికి నేల కింద ఏదో లాగినట్టు ఇల్లు ఒకసారి ఊగింది. గోడ మీద ఆరు తీగలూ ఒక్కసారే మోగాయి. ఎవరో అరచేత్తో కొట్టినట్టు. అది ఆగలేదు, సన్నగా పలుకుతూనే ఉంది.

"నడవరా" అన్నాడు మామ, వెనక్కి చూడకుండా.

అమ్మమ్మ కళ్లు మూసుకుని షిల్లింగును పిడికిట్లో పట్టుకుంది. పట్నానికి ఉన్నది ఒక్కటే బాట. కొండ వైపే నడిచాం.