దమయంతి ఇంట్లో సిలిండర్లు

2002. పలాసలో ఒక గ్యాస్ ఏజెన్సీలో నేను మెకానిక్‌ని. మహిళా సంఘాల్లో ఉన్నవాళ్లకు డిపాజిట్ ప్రభుత్వమే కట్టి గ్యాస్ కనెక్షన్లు ఇస్తున్న రోజులవి. కొబ్బరి మట్టలు, సరుగుడు పుల్లలు మండే ఉద్దానం పల్లెల వంటిళ్లలోకి ఎర్ర సిలిండర్లు వచ్చాయి. స్టవ్ బిగించడం, రెగ్యులేటర్ పెట్టడం, సబ్బు నురగ రాసి లీకు ఉందేమో చూడడం నా పని. వీటికంటే జనాన్ని నమ్మించడమే కష్టంగా ఉండేది. “ఊరికే ఎందుకిత్తన్నారు? రేపు మా తోటలు రాయించుకోడానికి గాదు గదా?” అని ఒకరు అడిగేవారు. “దీని మీద వండిన కూడు తింటే కడుపుబ్బుతాదట” అని ఇంకొకరు.

మాకూ జనం మీద అనుమానమే. మా భాషలో డైవర్షన్ అనేవాళ్లం. అంటే ఇంటికిచ్చిన సిలిండర్ హోటల్‌కో, జీడిపప్పు ఫ్యాక్టరీకో చేరడం. ప్రభుత్వ సొమ్ముతో ఇచ్చినవి కాబట్టి అలాంటిది బయటపడితే కనెక్షన్ రద్దయ్యేది. ఏజెన్సీకీ చిక్కే.

ఒకరోజు వ్యాన్ డ్రైవర్ మా ఓనరుకు ఒక సంగతి చెప్పాడు. కవిటి దగ్గర ఒక ఊళ్లో దమయంతి అనే ఆమె వీధిలో అందరి ఖాళీ సిలిండర్లూ తనే తెచ్చి, నిండువి పట్టుకుపోతోందని. ఓనరు నన్ను పిలిచి, “చెప్పకుండా వెళ్లు. దొరికితే అన్నీ వెనక్కి తెచ్చేయ్” అన్నాడు.

ఆ వీధిలో ముందు వేరే ఇంటికి వెళ్లాను. గట్టు మీద స్టవ్ కొత్త పెళ్లికూతురిలా ఉంది. బర్నర్ల మీద చిన్న మరక కూడా లేదు. పక్కన సిలిండర్ లేదు.

“సిలిండరేదప్పా?” అని అడిగాను.

ఆ ఇల్లాలు కొంగు సర్దుకుంటూ, “దమయంతి కాడుంది బాబూ. మాకు బయమని ఇచ్చీసినాం” అంది.

పక్కింట్లోనూ అదే జవాబు. ఇక నాకు సందేహం లేకపోయింది. భయపడేవాళ్ల సిలిండర్లు పోగేసి ఈమె అమ్ముకుంటోందనుకున్నాను.

దమయంతి గుమ్మంలోనే అడ్డం నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. వీధరుగు మీద మంచంలో భర్త పడుకుని ఉన్నాడు. మొహం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఆ ప్రాంతంలో ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బు అది, మనిషిని చూడగానే తెలిసిపోతుంది.

“ఎవులు పంపినారు నిన్ను?” అంది.

“లీకు టెస్టుకొచ్చాను.”

“మాకే లీకూ నేదు. మా ఆయనకి ఒంట్లో బాగోనేదు. మల్లీ రా బాబూ.”

ఆమె అలా పంపించేయాలని చూసేకొద్దీ నా అనుమానం గట్టిపడింది. రూలు చెప్పి లోపలికి వెళ్లాను. తలుపు చాటున సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అదే గదిలో ఇవతల మూల కట్టెల పొయ్యి మండుతోంది. ముందు ఆ పొయ్యి ఆర్పించాను.

“ఎవరికి అమ్ముతున్నావు?” అన్నాను.

గోడ వారన గుడ్డ కట్టిన పెద్ద పెద్ద గిన్నెలున్నాయి. ఆమె ఒకదాని గుడ్డ విప్పి చూపించింది. లోపల నీళ్లు. ఇంకొకటి విప్పింది. అవీ నీళ్లే.

“నూతి నీల్లు మరగబెడతన్నాను. ఈదిలో అందరికీని. మా మరిది పోయినాడు, ఎదురింటాయన పోయినాడు. ఇప్పుడీయన. అన్నానికి కట్టెలు సాలతన్నాయి, ఇంతమందికి నీల్లు కాయడానికి సాలవు గదా. గ్యాసుకి తలా కొంచెం ఏసుకుంతన్నాం.”

“మరగబెడితే జబ్బు రాదని డాక్టరు చెప్పాడా?”

“ఎవులూ ఏటీ సెప్పనేదు బాబూ. ఎందుకొత్తందో సెప్పినోడు ఒక్కడు నేడు. మాకు తోసినది మేం సేత్తన్నాం. ఇప్పుడు నువ్వు పట్టుకుపోతావా?”

తీసుకుపోవాలనే వచ్చాను. కానీ ఆ గిన్నెల ముందు ఆ మాట అనలేకపోయాను. ఒక్క ఇంట్లో అన్ని సిలిండర్లు ఉంటే, ఒక్కటి అంటుకున్నా వీధి మిగలదని చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. “అది మాకెవులు సెప్పినారు?” అంది మెల్లగా.

ఆ పూట ఇద్దరం కలిసి ఎవరి సిలిండర్ వాళ్లింటికి చేర్చాం. నేను బిగించాను, ఆమె వెలిగించింది. ఆడవాళ్లు గుమ్మం అవతలే నిలబడి చూశారు. నీళ్లు మరిగేదాకా ప్రతి స్టవ్ దగ్గరా దమయంతి కదలకుండా కూర్చుంది. అది చూశాకే ఒక్కొక్కరూ లోపలికి వచ్చారు.

పలాస వచ్చి జరిగింది చెబితే ఓనరు నవ్వాడు. “నీళ్లు కాచుకోడానికా? నీకెంత ముట్టింది?” అన్నాడు. అంతవరకూ ఆమె మీద ఉన్న అనుమానం నా మీదికి మళ్లింది. నన్ను వెంటబెట్టుకుని తనే ఆ ఊరు బయల్దేరాడు. ఏ ఇంట్లోకి తొంగి చూసినా స్టవ్ మీద నీళ్లే. ఒకామె గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఓనరు అందుకున్నాడు. గ్లాసులోకి చాలాసేపు చూశాడు. తాగకుండా అరుగు మీద పెట్టాడు. సిలిండర్లు వెనక్కి తెమ్మనే మాట మళ్లీ ఎత్తలేదు.

దమయంతి భర్త మరుసటి వర్షాకాలం దాటలేదు. తర్వాత నేను ఒక డాక్టర్‌ని అడిగాను. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ నీళ్లలో కరిగి ఉన్నవి పోవు, అసలు ఈ జబ్బుకు కారణం నీళ్లేనని కూడా తేలలేదు అన్నాడాయన. ఇంకోసారి రబ్బరు ట్యూబు మార్చడానికి వెళ్లినప్పుడు ఆ మాట దమయంతికి చెప్పాను. దాచడం న్యాయం కాదనిపించింది.

“నాకూ ఆ అనుమానం ఉన్నాది బాబూ. ఉంటే మాత్రం, సేతులు ముడుసుకుని ఎలా కూకుంతాం?” అంది. స్టవ్ ఆర్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అదే పనిలో ఉన్నాను. సిలిండర్లు మరీ ఎక్కువ వాడుతున్నారని ఫిర్యాదు వచ్చిన ఇళ్లలో నిజంగా అమ్ముకునేవాళ్లూ దొరికారు. అందుకే అనుమానించడం మానలేదు. కానీ ఎక్కడికి వెళ్లినా ముందు కూర్చుని, పొయ్యి మీద ఏముంది, ఎవరి కోసం అని అడగడం అలవాటు చేసుకున్నాను. అమ్ముకునేవాళ్ల దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. భయంతో బతికేవాళ్లే నోరు విప్పడానికి కాస్త సమయం తీసుకుంటారు.