‘ఇయ్యనా?’ అని అడిగిన మార్తమ్మ

మార్తమ్మ మరణవార్త సోమవారం ఉదయం కోదాడ కోర్టు వరండాలో నాకు చేరింది. ఫోను చేసింది ఒకప్పటి నా కక్షిదారు సైదమ్మ. “నర్సమ్మ పోయింది సారూ. సూర్యాపేట దవాఖానల పానం ఇడిసింది” అని ఫోను పెట్టేసింది. గుండెజబ్బుతో వారం రోజులుగా ఆసుపత్రిలో ఉన్నదని నాకు తెలుసు. ఆదివారం వెళ్లి చూద్దామనుకుని బద్ధకించాను. ఆ బద్ధకాన్ని నేను క్షమించుకోలేను. నల్లకోటు ఇంకా నా చేతిమీదే ఉంది. కేసు పిలిచారని తోటి వకీలు వచ్చి భుజం తట్టాడు.

మునగాల మండలంలో ఊరూరా తిరిగి టీకాలు వేసిన ఏఎన్ఎం ఆమె, ఊళ్లవాళ్లందరికీ నర్సమ్మ. జీవితకాలమంతా వీడని నియమం ఆమెకు ఒకటుండేది. సూది సిద్ధం చేసుకుని, ఎదుటి మనిషి ముఖంలోకి చూసి “ఇయ్యనా?” అని అడిగేది. అవునన్నాకే గుచ్చేది. చంటిబిడ్డలకైతే తల్లిని అడిగేది. కరోనా రోజుల్లో నా వంతు వచ్చినప్పుడూ అలాగే అడిగింది. చొక్కా చేయి మడిచి కూర్చున్నవాణ్ణి, వెనక వరుస పెద్దది, నాకు విసుగొచ్చింది. టీకాకు కాకపోతే ఇంకెందుకు వచ్చానమ్మా అన్నాను. “వచ్చుడు వేరు సారూ, ఒప్పుకునుడు వేరు” అంది. ఇన్నేళ్ల వకీలుకు ఆ భేదం ఒక ఏఎన్ఎం చెప్పవలసి వచ్చింది.

అలాంటి భేదమే ఒకటి తరువాత హైకోర్టు దాకా వెళ్లింది. సైదమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. భర్త లేడు, ఆ పనే ఆమెకు ఆధారం. మొదటి డోసు తీసుకున్న కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. మార్తమ్మే ఆటో ఎక్కించి కోదాడ దవాఖానకు తీసుకెళ్లి దగ్గరుండి చూసుకుంది. తిరిగి వచ్చి, రిజిస్టరులో సైదమ్మ పేరు ఎదుట “పెద్ద డాక్టరు చూసి చెప్పేవరకు రెండో డోసు ఇవ్వరాదు” అని రాసింది. పెద్ద డాక్టరు దగ్గరికి పంపే కాగితం మాత్రం ఆఫీసు నుంచి రానేలేదు. ఈలోగా రెండు డోసులు లేనివారిని వంటగదిలోకి రానివ్వొద్దని ఉత్తర్వు వచ్చింది. సైదమ్మను ఇంటికి పంపేశారు. ఆమె తరఫున హైకోర్టులో రిట్ పిటిషన్ వేసింది నేను.

ఇక్కడ నా తప్పు దాచను. కేసు బలంగా ఉండాలన్న ఆరాటంలో, ఈ టీకా ప్రాణాంతకమని తన అనుభవంలో తేలిందంటూ మార్తమ్మ పేర ఒక అఫిడవిట్ రాసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. “టీకా మంచిదే సారూ. నేనేసుకున్న, నా పిల్లలకు ఏసిన. ఆమె ఒంటికి పడలే, గంతే. మీరు గెలుసుటానికి నేను ఊరందర్ని బెదిరియ్యాల్నా?” అని కాగితాలు నా చేతికి తిరిగి ఇచ్చింది. నాకు కోపమొచ్చింది. మీ రిజిస్టరు ఒక్కటి చాలు నాకు అని విసురుగా లేచి వచ్చేశాను.

ఆ రిజిస్టరు మీద ఇంకొకరి కన్ను కూడా పడింది. రికార్డు తెమ్మని హైకోర్టు ఆదేశించగానే, ఆమె పై అధికారి ఒకాయన దాన్ని తెప్పించుకుని, ఆ వాక్యం కొట్టేసి “నిరాకరించింది” అని రాయమన్నాడు. ఆ ఒక్క మాట పడితే ఆఫీసు నిర్లక్ష్యం కనబడకుండా పోయి, దోషమంతా సైదమ్మదవుతుంది. మార్తమ్మ అప్పటికి ఉద్యోగ విరమణకు దగ్గర పడిన మనిషి, ఒక్క మెమోతో పెన్షన్ చిక్కుల్లో పడవచ్చు. ఆ గదిలో ఉన్న తోటి ఏఎన్ఎం ఇదంతా నాకు తరువాత చెప్పింది. మార్తమ్మ పేజీ తెరిచి, కలం ఆయన వైపు జరిపి, “ఆమె ఒద్దనలే సార్, నేనే ఆపిన. కొట్టెయ్యాలనుంటే మీరే కొట్టి, పక్కన మీ సంతకం పెట్టుండ్రి” అంది. ఆయన కలం ముట్టలేదు.

ఇదేదీ విచారణ నాటికి నాకు తెలియదు. రిజిస్టరు ఏ రూపంలో వస్తుందో తెలియకుండానే వాదనకు లేచాను. పిటిషనరు తానే నిరాకరించిందని ప్రభుత్వ న్యాయవాది గట్టిగా వాదించాడు. న్యాయమూర్తి ఆ పేజీ తెప్పించుకున్నారు. ఆయన చదువుతున్నంతసేపూ నా పక్కన సైదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చివరికి తలెత్తి, “ఇవ్వరాదని మీవాళ్లే రాస్తే, ఈమె నిరాకరించడమేమిటి?” అని అడిగారు. వైద్యపరీక్ష చేయించాలని, అది తేలేవరకు ఆమెను పనిలోకి తీసుకోవాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. రెండో డోసు వద్దని డాక్టర్లు తరువాత తేల్చారు.

సైదమ్మ పొయ్యి వెలిగిన వారంలోనే మార్తమ్మను మిర్యాలగూడ అవతలి ఊరికి డిప్యుటేషన్ మీద పంపారు. కాగితంలో కారణం పరిపాలనా సౌలభ్యం. ఆ వయసులో రోజూ బస్సులు మారి తిరిగింది. దానిమీదా కేసు వేస్తానంటే, “గాడ గూడ పిల్లలున్నరు గద సారూ” అని నవ్వేసింది.

ఆమె నామీద కోపగించింది ఒక్కసారే. కోర్టే టీకా వద్దన్నదని ఊళ్లో పుకారు లేచి, తల్లులు చంటిబిడ్డల టీకాలకు కూడా మొరాయించారు. ఆదివారం పొద్దున్నే వచ్చి నన్ను వెంటబెట్టుకుపోయింది. చర్చి విడిచే వేళకు జనం మధ్య నిలబెట్టి, ఉత్తర్వు పొల్లుపోకుండా చదివించింది. కోర్టు టీకాను తప్పుపట్టలేదని, ఒక మనిషి పనిని నిలబెట్టిందని నా నోటితోనే చెప్పించింది. చదువుతుంటే నాకు సిగ్గేసింది. అధికారీ నేనూ ఆమెను అడిగింది ఒకటే, ఉన్న మాటను మా అవసరానికి మార్చమని. ఆ సాధ్వి ఇద్దరికీ లొంగలేదు.

అటువంటి సత్యనిష్ఠ ఇక ఎక్కడ చూస్తాను? ఈ ప్రాంతానికి ఆమె లేని లోటు తీరేది కాదు. ఏ ఉత్తర్వు చదివినా, ‘ఆ మనిషిని అడిగారా?’ అని నాలోపల ఆమె గొంతే వినిపిస్తుంది. ఆ గొంతుకు నా అశ్రునివాళి.

నిన్న మునగాలలో ఆమెను సమాధి చేశారు. ప్రార్థన ముగిశాక ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేస్తున్నాం. నా ముందు సైదమ్మ. మట్టి పట్టుకున్న చెయ్యి చాపి ఆగిపోయింది. వంగి, లోపలికి చూస్తూ, “ఎయ్యనా నర్సమ్మా?” అని అడిగింది.

వెనక వరుస పెద్దది. ఎవరమూ తొందరపెట్టలేదు.