తెల్లకణాలకు ఒక విస్తరి

నాకు తెలియనిది లోకంలో పెద్దగా ఏమీ లేదని గట్టిగా నమ్మిన రోజులు నాకూ కొన్ని ఉన్నాయి. బళ్లారి కంటోన్మెంటులో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో అప్పుడే చేరాను. తెల్లకోటు వేసుకుని సూది పట్టుకుంటే చాలు, ఎదుటివాళ్లు చెయ్యి చాపి కళ్లు మూసుకునేవారు. ఆ భయాన్ని నేను గౌరవం అనుకునేదాన్ని. (ఇరవై రెండేళ్ల వయసులో రెండింటికీ తేడా తెలియదు.) నా గర్వానికి బలైంది మా అత్త. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా వినేవాళ్లు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను కానీ, చివరిదాకా నవ్వలేను.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో ఇరవై ఏళ్లుగా మిషన్ తొక్కిన మనిషి కాబట్టి ఇంటిల్లిపాదీ ఆమెను జీన్సత్త అనేవాళ్లం. (ఆమె మాత్రం చీర తప్ప ఇంకోటి ఎరగదు.) మందపాటి గుడ్డను సూది కిందికి తోసి తోసి వేళ్ల గణుపులు ఉబ్బాయని మేమంతా అనుకున్నాం. కాదట. ఒంట్లో క్రిములతో పోరాడవలసిన తెల్లకణాలే దారి తప్పి ఆమె కీళ్లను తింటున్నాయని డాక్టరు చెప్పి, మాత్రలు రాసిచ్చాడు. వాటితో వాపు తగ్గింది, అత్త మళ్లీ మిషన్ ఎక్కింది. మిషన్ అంటే ఆమెకు ప్రాణం. వేళ్లు పోతే తనిక దేనికీ పనికిరానన్న దిగులు ఆమెను ఎప్పుడూ వదల్లేదు.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు అడిగింది. "ఏమ్మే, నా ఒంట్లో పుట్టినవే నన్ను తింటాండాయంటే ఏంది నా కర్మ?" అడగడమే ఆలస్యం, ముందురోజు ఫోనులో చదివినదంతా ఆమె మీద కుమ్మరించాను. "ఆ కణాలు పని అయిపోతానే చచ్చిపోవాలత్తా. ఉత్తగా చావవు. పొయ్యేటప్పుడు పక్కనున్నోళ్లకి, ఇంక చాలు, సుమ్నె ఉండండి అని సైగ చేసి పోతాయి." (సుమ్నె అన్నది మా వైపు తెలుగులో కలిసిపోయిన కన్నడం, గమ్మున ఉండమని.) "నీ ఒంట్లో ఆ సైగ అందడంల్యాదేమో. దాన్నే మందుగా ఇస్తే ఇట్లాంటి జబ్బులు తగ్గుతాయేమోనని చూస్తాండారు." "మరి నా మాత్రలేం చేస్తాండాయి?" అంది అత్త. "అవా? అవి అందరి నోళ్లూ మూయిస్తాయి, అంతే" అన్నాను. ఆ 'అంతే' తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నేను చెప్పినదాంట్లో రెండు 'ఏమో'లు ఉన్నాయి. అవి అత్త చెవిన పడలేదు, పడేట్టు నేనూ చెప్పలేదు.

రెండు నెలలకు మహాలయ అమావాస్య వచ్చింది. ఆ రోజు మా ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోల ముందు విస్తళ్లు వేసి, వాళ్లకిష్టమైనవన్నీ వడ్డించి, కొత్తబట్టలు పెడతారు. తర్వాత ప్రతి విస్తరిలోంచీ కొంత తీసి మిద్దె మీద పెడితే కాకి ముట్టాలి. ముట్టేదాకా ఇంట్లో ఎవరికీ తిండి లేదు. నేను వెళ్లేసరికి గోడ పక్కన మూడు విస్తళ్లున్నాయి. ఒకటి తాతది, ఒకటి అవ్వది. మూడోదాని ముందు ఫోటో లేదు, గోడకు ఆనించిన కాగితం ఒకటి ఉంది. వంగి చూశాను. మా ల్యాబు రిపోర్టే! తెల్లకణాల లెక్క, కింద నా సంతకం, సరిగ్గా నా సంతకం మీదే కుంకుమ బొట్టు. విస్తరిలో ఓళిగలు, అంటే బొబ్బట్లు. కాగితం ముందు వేలెడంత జీన్స్ ప్యాంటు, రెండు జేబులతో సహా.

"ఎవరికత్తా ఇది?" అన్నాను. "ఇంకెవురికి, నా ఒంట్లో చచ్చిపోయినోళ్లకి. మనమేమన్నా పెడితే గదా, పొయ్యేటోళ్లు మంచిమాట చెప్పి పొయ్యేది. పెట్టకపోతే ఏ పెద్దోళ్లయినా పీడిస్తారు" అంది. నేను గోడ పట్టుకుని నవ్వాను. కూరెకుప్ప ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి ఆకలితో వచ్చిన మామ మాత్రం నవ్వలేదు. "నీకేం పాపా, నవ్వుతావు. కాకి ముట్టకపోతే మనకు కూడు ల్యా. ఈ యప్పలకి ఏమిష్టమో ఎవురికెరుక?" అన్నాడు. "దాందేముండాది? వాళ్లు తినేది నన్నే గదా. నాకిష్టమైనవే పెడితి" అంది అత్త.

మిద్దె మీద మూడు పళ్లేలు పెట్టగానే కాకి వచ్చింది. తాత ముద్ద తింది, అవ్వ ముద్ద తింది, మూడోదాని చుట్టూ ఒకసారి తిరిగి గోడెక్కి కూర్చుంది. మామ దానికి చేతులు జోడించి, "ఒక్క మెతుకు ముట్టప్పా, నీకు పుణ్యముంటాది" అని బతిమాలుతుంటే నాకు నవ్వాగలేదు. "ఇంత నెయ్యి ఏసుకొస్తా" అని అత్త ఆ పళ్లెం ఎత్తింది. పళ్లెం చేతిలోంచి జారి భళ్లున పడింది. ఓళిగలన్నీ మిద్దె మీద చెల్లాచెదురయ్యాయి. అత్త వాటివైపు చూడలేదు, తన వేళ్లవైపు చూసుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకుంటే గణుపులు కాలిపోతున్నాయి. వేళ్లు మూసుకోవడం లేదు.

"మాత్రలు ఏసుకుంటాండావా అత్తా?"

"ఆపేసి రెణ్ణెల్లాయె. నోళ్లు మూయిస్తే పొయ్యేటోళ్లు ఆ మాట ఎట్ల చెప్తారు? నువ్వే గదా అంటివి. ఆ పొట్టి ప్యాంటు కుట్టేకి మూడు దినాలు పట్టె, అంత నొప్పి. పెట్టినాక తగ్గుతాదిలే అని ఓర్చుకుంటి."

వెనక మామ "ముట్టింది, ముట్టింది!" అని అరిచాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

మర్నాడు డాక్టరు మండిపడ్డాడు. మాత్రలు ఆపమని చెప్పిన మహానుభావుడెవరని అడిగాడు. నేను తెల్లకోటుతోనే పక్కన నిలబడి ఉన్నాను. అత్త నావైపు చూడకుండానే, "ఎవురూ చెప్పలేదప్పా, నేనే మర్చిపోతి" అంది. నాకు ఏడుపొచ్చింది. వాపు మెల్లగా తగ్గింది కానీ, కుడిచేతి రెండు వేళ్లు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. అత్త మళ్లీ మిషన్ ఎక్కలేదు. ఆమె కుట్టిన ఆఖరి ప్యాంటు ఆ వేలెడంతదే. ఇప్పుడది నా తాళాలగుత్తికి వేలాడుతోంది.

అదే ల్యాబులో ఇప్పుడు నేను పెద్దదాన్ని. రిపోర్టు పట్టుకుని ఎవరేమడిగినా "డాక్టరును అడగండి" అంటాను. (నాకేమీ రాదని కొత్తగా చేరిన పిల్లలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ.) చచ్చే కణాల సైగల గురించి ఎక్కడ రాసినా వదలకుండా చదువుతాను, ముందు 'ఏమో'లు ఎన్నున్నాయో చూసుకుంటాను. అత్త ఇప్పటికీ ఫోను చేసి అడుగుతుంది, "ఏమ్మే, ఆ మంచిమాట మందు వచ్చెనా?" అని. "ఇంకా పరీక్షలు చేస్తానే ఉండారత్తా. నువ్వు మాత్ర ఏసుకుంటివా?" అంటాను. "ఏసుకుంటిలే. ఆ మందొస్తే మళ్లీ చెప్పు. ఈసారి నిదానంగా చెప్పు, నేనూ నిదానంగా వింటా" అంటుంది. ఫోను పెట్టేశాక ఇరవై రెండేళ్ల ఆ తెల్లకోటు పిల్ల గుర్తొస్తుంది. ఎంత హుషారుగా ఉండేదో! ఇప్పుడు ఎదురుపడినా తిట్టను. పక్కన కూర్చోబెట్టుకుని, "చాలు తల్లీ, కాసేపు సుమ్నె ఉండు" అంటాను.