ఓర్పా కోసం ప్రార్థన

ప్రత్తిపాడు మిరపచేలలో కోతలయ్యాక పరిగె ఏరుకునే పుల్లమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఏడుపో, కాయల ఘాటో ఎవరూ అడగరు. కొడుకు కలరాతో పోయాక, "నీకింకా వయసుంది, పోవే తల్లీ" అని కోడలు జయకుమారిని తనే పుట్టింటికి సాగనంపింది. ముసలిదాన్ని కోడలు వదిలేసి పోయిందనే పల్లె అంతా చెప్పుకుంది. లోకంలో ఏ కథ తిరగేసినా నిలిచినవాళ్ళదే. వెళ్ళినవాళ్ళు దారిలోనే మాసిపోతారు.

ఆ ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు బైబిల్లో అత్తను విడవని కోడలు రూతు కథ చెప్పి, ఎవరికోసం ప్రార్థించమంటారని అడిగారు. పుల్లమ్మ చాప మీంచి లేచింది. "తిరిగెళ్ళిపోయిన ఆ ఇంకో కోడలు, ఓర్పా కోసమండి."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. "ఏందే పుల్లీ, ఆమె ఎప్పుడు చచ్చిందనుకున్నావే!" అంది పక్కనున్న మరియమ్మ.

"అయితేనేం? అత్త పొమ్మంటేనేగా పోయింది!"

అయ్యగారు అందరికోసం ప్రార్థించారు, ఆ ఒక్క పేరు తప్ప.

మర్నాడు చేలో పుల్లమ్మ ఏరిన కాయల్ని కోడలితో కలిసి ఏరిన పాత అలవాటున రెండు కుప్పలు పోసింది. కాసేపు చూసి, రెండూ తన ఒళ్ళోకే ఎత్తుకుంది.