పద్మ పూసిన రేకు

ఇన్నేళ్లూ గుండె మీద ఒక ఇనప రేకు మోశాను. అరచేతి వెడల్పు ఉంటుంది, అంతే. చదువు లేనిదాన్ని, నేను చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది. నా పేరు అడగకండి. చెప్పేది మాత్రం నిజం.

మా ఆయన కెనడాలో, సార్నియా ఊళ్లో కెమిస్టు. రంగులు కనిపెట్టడం ఆయన పని. పైపుకి పూస్తే, లోపలి రసాయనం చుక్క కారినా రంగు మారి పట్టిచ్చే పెయింటు ఒకటి మొదలుపెట్టారు. ఆయన కింద పనిచేసే పద్మ కూడా తన పద్ధతిలో ఒకటి కలిపింది. చెరో రేకుకి పూసి, చలికి ఆగుతాయో లేదో చూద్దామని మా గరాజ్‌లో పెట్టారు. ఏది నిలిస్తే దానికే పేటెంటు.

పద్మ రేకు పచ్చగా మెరిసిపోతోంది. మా ఆయనది వెలవెలబోయింది. దానికి దిష్టి తగిలిందనుకున్నాను. బ్రాంప్టన్‌లో కొన్న తాంబూలం సున్నం, పసుపు కలిపి ఎర్రనీళ్లు చేసి ఆయన రేకు చుట్టూ తిప్పాను. బయట పారబోద్దామంటే మోకాలి లోతు మంచు. ఎటు పోయాలా అని తిరిగేసరికి పళ్లెం ఒలికింది. పద్మ రేకు మీద. పచ్చటిది కాస్తా నీలమైపోయింది.

చేయి జారింది, నిజమే. కొంగుతో తుడిచింది మాత్రం జారి కాదు. ఎర్రనీళ్ల జాడ పోయింది, నీలం పోలేదు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పుట్టినప్పటినుంచి చూసినదాన్ని, ఆ రేకు ఎందుకు మారిందో తెలియదని ఎలా అనగలను?

"ఏమీ కారకుండానే మారిపోయింది. దీన్ని నమ్మలేం" అన్నారు మా ఆయన. పద్మ తిన్నగా నా వంటింట్లోకి వచ్చింది.

"ఆంటీ, దాని మీద ఏమన్నా పడిందా? చెప్పండి, ఏమీ అనుకోను."

"ఏం పడుద్దమ్మా? ఈ చలికి నేను గరాజ్ వైపే వెళ్లలేదు. ఇంద, టీ తాగు."

తాగింది. కప్పు కడిగిపెట్టి మరీ వెళ్లింది.

పేటెంటు మా ఆయన పేరున వచ్చింది. పద్మ ఉద్యోగం మానేసి రెజైనా వెళ్లిపోయింది. మళ్లీ రంగుల జోలికే పోలేదట. ఆయనకి చెప్పి ఉంటే? నిజాయితీ గల మనిషి, రెండు రేకులూ మళ్లీ పూయించేవారు. అది తెలిసే నోరు మూసుకున్నాను. ఆయన పోయేదాకా గోడ మీది ఆ పేటెంటు పటం చూసి మురిసిపోయారు. దాని దుమ్ము నేనే తుడిచేదాన్ని, ఇదే కొంగుతో.

క్షమించమని అడగడం లేదు. పైకి అన్నాక ఊపిరి ఆడుతోంది, అది చాలు. నువ్వు అడిగినదానికే జవాబు బాకీ.

పడింది, పద్మా. సున్నం నీళ్లు పడ్డాయి. ఒలికించింది నేనే, తుడిచిందీ నేనే.