మామకు ఆర్డరేసేదెవరు

గంగన్నది జగిత్యాల దగ్గర పల్లె. మస్కట్‌లో అల్ హైల్ దాటాక ఉన్న ఒక గోదాముల కంపెనీలో గార్డుల సూపర్‌వైజరు. భుజానికి ఎర్ర పట్టీ, మెడలో విజిల్. చొక్కా ఎలా ఉతికినా, పట్టీని మాత్రం పసిపిల్లకు నీళ్లు పోసినట్టు ఉతుకుతాడు.

గార్డులను తెచ్చుకునే పని కంపెనీ అతనికే వదిలేసింది. ఇంకేం, చిన్నాయన కొడుకును తెచ్చాడు, బావమరుదులను తెచ్చాడు, చివరికి పిల్లనిచ్చిన మామ పోచన్ననూ తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. బయటివాడు సాలెం ఒక్కడే. అతను యెమెన్ సైన్యంలో లెఫ్టినెంటుగా చేసి వచ్చినవాడు.

ఒకనాడు చాయ్ తాగుతూ గంగన్న అతన్ని గుచ్చాడు. ఇద్దరికీ కలిసేది హిందీ.

"లెఫ్టినెంట్ సాబ్, అంత ట్రైనింగ్ ఇచ్చినవు గదా, మీ ఫౌజు ఎటువాయె?"

"ఇళ్లకు పోయింది," అన్నాడు సాలెం. "తుపాకీ పట్టడం నేర్పాం, కవాతు నేర్పాం. కానీ ఒక్కో దళం ఒక్కో తెగ. బట్టలు సర్కారువి, మాట తెగ పెద్దాయనది. వంతెన కాయమని నేను ఆర్డరిచ్చాను. పెద్దాయన ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. వంతెన మీద నేనొక్కణ్ణే మిగిలాను."

"నమ్మకమైనోళ్లను పెట్టుకోవాలె సాబ్! నన్ను జూడు. అంత మావోళ్లే. విజిలేస్తే ఉరికొస్తరు."

సాలెం చాయ్ ఊదుకున్నాడు.

ఆ వారంలోనే, ఎండ మండే మధ్యాహ్నం, గంగన్న గేటుకు వెళ్తే కుర్చీ ఖాళీ. పక్క క్యాబిన్‌లో ఏసీ కింద, బూట్లు విప్పి, పోచన్న గురక పెడుతున్నాడు.

"మామా... ఓ మామా..." అన్నాడు, లేస్తాడేమోనని భయపడుతున్నట్టు.

విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. తీసేశాడు. పిల్లనిచ్చిన మామ మీద విజిలేసి, రేపు ఆ ఇంట్లో ఏ మొహంతో అన్నం తింటాడు? చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, తనే గేటు దగ్గర నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మేనేజరు తనిఖీకి వచ్చాడు. అరబ్బీ మాట హిందీలో చెప్పడానికి వెంట సాలెం.

"ఇక్కడి గార్డు ఏడీ?"

"పానం బాగలేదు సాబ్. నేనే పండుకోమన్న."

సాలెం కళ్లు దించుకుని ఆ అబద్ధాన్ని ఉన్నదున్నట్టు అరబ్బీలో చెప్పాడు. ఇంతలో తలుపు తెరుచుకుంది. కళ్లు నలుపుకుంటూ పోచన్న.

"నాకేం రోగమొచ్చింది అల్లుడా? నిద్రొచ్చింది, పండుకున్న. నువ్వు నిలబడ్డవు గదా, ఇగ ఇద్దరెందుకు?"

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. బూట్లు లేని కాళ్లను మేనేజరు అప్పటికే చూశాడు.

సాయంత్రానికి ఎర్ర పట్టీ సాలెం భుజం మీదికి మారింది. అతను నవ్వుతాడనీ, వంతెన మాట ఎత్తుతాడనీ గంగన్న చెవులు వేడెక్కిపోయి నిలబడ్డాడు. సాలెం పట్టీ సర్దుకున్నాడు. "రేపటి నుంచి నువ్వు వెనక గేటు. మీ మామ బాబు మియాతో ముందు గేటు," అన్నాడంతే. బాబు మియా ఆ మరునాడు చేరబోయే బంగ్లాదేశ్ మనిషి. ఒక్క మాట దెప్పినా గంగన్న మనసు కాస్త తేలికపడేది.

రూమ్‌కు వచ్చేసరికి ఊరి నుంచి భార్య సునీత ఫోను. సంగతి అప్పటికే ఊరు చేరింది.

"పోస్టు వాయెనటగా. మా నాయినను ఏమన్న అన్నవా?"

"ఏమనలే."

పక్క మంచం మీద పోచన్న, అల్లుడంటే వీడే అన్నట్టు, తృప్తిగా తల ఊపాడు. గంగన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.