మా అమ్మాయి బేస్ గిటార్ ఆగలేదు

ఈ రోజు బొబ్బిలిలో మా బంధువుల పెళ్లిలో మా అమ్మాయి శిరీష బేస్ గిటార్ వాయించిందండీ! గురువు లేడు. పేరున్న బేస్ గిటారిస్టు ఒకాయన అప్పటికప్పుడు కల్పించి వాయించే వీడియోలు ఫోన్‌లో చూసి నేర్చుకుంది.

పాట మధ్యలో గాయకుడు చరణం మరిచిపోయాడు. అందరూ ఆగిపోయారు. మా పిల్ల మాత్రం ఆగకుండా, అతనికి చరణం గుర్తొచ్చేదాకా సొంతంగా అల్లుకుంటూ పోయింది! వీణలు చేసే మా బావ నా భుజం పట్టి కుదిపేశాడు.

"ఒరే బావా, వీణకి ఏడు తీగలు, దీనికి నాలుగేనేటి అని నవ్వినాను కదరా. నాలుగే సాల్రా!"

ఇంటికొచ్చి మళ్లీ వాయించమంటే, "అది మళ్లీ రాదు నాన్నా, అప్పుడలా వచ్చేసినాదంతే" అంది. చప్పట్లు కొడుతూ నేను ఫోన్ తీయడమే మరిచాను. ఎవరైనా వీడియో తీసుంటే పంపండి బాబూ, పుణ్యముంటుంది!